అప్పలసూరి చేప గేటు

మా రెండిళ్ళ మధ్య కంచె వెయ్యమని ఎవరూ అడగలేదు. అది ఒక కాంట్రాక్టరు తనంతట తాను మాకు చేసిపెట్టిన ఉపకారం.

రిటైరయ్యాక నేనూ అప్పలసూరీ భిలాయి పక్కన రిసాలిలో వీపుకి వీపు ఆనించుకున్నట్టుండే రెండు స్థలాలు కొన్నాం. వాడి వీధి గుమ్మం ఒక వీధిలోకి, నాది ఇంకో వీధిలోకి. పెరళ్ళు మాత్రం కలిసే ఉంటాయి. వీధి వెంట రావాలంటే చివరిదాకా నడిచి, మురుగు కాలవ దాటి, తిరిగి ఇంతదూరమూ వెనక్కి రావాలి. పెరటి దారినయితే దగ్గొచ్చేలోపు వచ్చెయ్యొచ్చు. ఆ పెరటి దారి కోసమే ఆ స్థలాలు కొన్నాం. ఉక్కు ప్లాంటువాళ్ళ సెక్టర్ 4 క్వార్టర్లలో ఉద్యోగమంతా ఒకే గోడకి అటొకడు ఇటొకడుగా బతికినవాళ్ళం. ముసలితనంలో కొత్త మనుషుల్ని వెతుక్కునే ఓపిక ఎవడికుంది?

మా ఇద్దరికీ ఒక ఆట ఉంది. సాయంత్రం మా వెనక వరండాలో కూర్చుని కోతలు కొయ్యడం. ఒకడు కోస్తాడు, రెండోవాడు వింటాడు. చివర "నమ్ముతావా?" అని అడిగితే "నమ్ముతాను" అనాలి. "నమ్మను" అన్నవాడు ఓడిపోయినట్టు. ఓడినవాడు లేచి తన చేత్తో టీ కాచి తేవాలి. పొయ్యి వెలిగించడమే చేతకాని మగాళ్ళం మేం. అందుచేత ఎంత పెద్ద అబద్ధమైనా నీళ్ళు తాగకుండా మింగేసేవాళ్ళం.

నేను రైల్ మిల్లు మనిషిని. మేం తీసిన రైలు పట్టా ఒకటి చల్లారకముందే పాక్కుంటూ దుర్గ్ స్టేషన్ దాకా పోతే, స్టేషన్ మాస్టరు పచ్చజెండా ఊపాడని చెప్పాను. అప్పలసూరి నమ్మాడు. వాడు ప్లేట్ మిల్లు మనిషి. ఒకసారి ఉక్కు ప్లేటు మరీ పల్చగా వచ్చేస్తే ఇంటికి తెచ్చాడట, సింహాచలమ్మ దాన్ని అట్టు అనుకుని తిరగేసిందట. నేను నమ్మాను. సింహాచలమ్మ వాడి భార్య. కంచె అవతల బట్టలారేస్తూ ఆ మాట విని, "ఆ అట్టు తిన్నాకే ఈయనకి పళ్ళూడిపోనాయి అన్నియ్యా" అని తనొక కోత కలిపింది. అదీ నమ్మాం.

ఇళ్ళు కట్టిన మొదటి ఏడు ఆవుల బాధ పడలేక కంచె వేయించాలనుకున్నాం. ఒక కాంట్రాక్టరు మోటార్ సైకిలు మీద వచ్చాడు. ఇంజను ఆపలేదు, కాలు కింద పెట్టలేదు, స్థలం వైపు చూడలేదు, రేటు మాత్రం చెప్పేశాడు. మాకు భలే ముచ్చటేసింది. ఎంత చురుకైనవాడో అనుకున్నాం. పని అప్పజెప్పి, ఇద్దరం భార్యల్ని వెంటబెట్టుకుని రాయ్‌పూర్‌లో పెళ్ళికి పోయాం. తిరిగొచ్చేసరికి వాడు రెండు స్థలాలకీ నాలుగు వైపులా ముళ్ళ తీగ బిగించేసి ఉన్నాడు. నాలుగు వైపులా అంటే మా ఇద్దరి మధ్య కూడా. ఇదేమిటయ్యా అంటే, "స్థలానికి నాలుగు వైపులే గదా సాబ్, నేను అయిదోది వెయ్యలేదు" అన్నాడు.

ఆ సాయంత్రం తీగకి అటు అప్పలసూరి, ఇటు నేను. జైలు ములాఖత్‌లా ఉంది.

"ఏటి నేరం సేసినావురా రాజా?" అన్నాడు వాడు.

"నీతో స్నేహం సేసినాను. యావజ్జీవం ఏసినారు" అన్నాను.

పీకించేద్దామన్నాను. వాడు ఒప్పుకోలేదు. తీగ మధ్య కోసి గేటు పెడతానన్నాడు. అదీ తన చేత్తో చేస్తానన్నాడు. హథ్‌ఖోజ్‌లో తుక్కు దుకాణాలన్నీ తిరిగి ప్లేటు ముక్కలూ యాంగిల్ కమ్మీలూ ఏరి కొని, తెలిసినవాళ్ళ వర్క్‌షాపులో కూర్చుని వెల్డింగు చేశాడు. బొమ్మ గేటు నడిబొడ్డున ఉంటే అందరి గేట్లలాగే ఉంటుందని, గడియ వైపు చివర్న దళసరి ప్లేటుతో ఒక చేప బొమ్మ కోసి అంటించాడు. భీమిలి వైపు వాడు కదా, చేప లేకుండా ఏదీ పూర్తి కాదు వాడికి. అది చేపో, తొక్క తీసిన వంకాయో తేల్చడానికి మేం ఒక వారం వాదించుకున్నాం. గేటు మోసుకొచ్చిన రిక్షా టైరు మా వీధి మలుపులో పేలింది. ఇది కోత కాదు. ఆ రోజు రిసాలి మొత్తం ఒక అంగుళం కుంగింది. ఇది కోత.

మొదటి వానాకాలానికే గేటు వాలింది.

గడియ వైపు కొస కిందికి దిగి నేల గీరసాగింది. అప్పలసూరి చూసి, "బలం సాల్నేదు" అని ఒక పట్టీ అడ్డంగా వెల్డింగు చేశాడు. ఇంకాస్త వాలింది. ఈసారి యాంగిలు వేశాడు. ఇంకా వాలింది. కొస కింద చక్రం బిగించాడు. చక్రం నల్లమట్టిలోకి దిగబడి మళ్ళీ కనిపించలేదు. నేను కూడా పక్కన నిలబడి, ఇంకొక ప్లేటు వెయ్యరా అనే చెప్పాను. భిలాయిలో ఎవర్నడిగినా అదే చెప్తారు. ఊరు ఊరంతా ఇనుము తీసి తిండి తిన్నవాళ్ళం. ఇనుము ఎక్కువై ఒక వస్తువు చెడిపోతుందంటే మాకెలా తలకెక్కుతుంది?

చివరికి ఆ గేటు తియ్యడానికి ఒక పద్ధతి కుదిరింది. రెండు చేతులా చేప తోక పట్టుకుని, ఊపిరి బిగించి, పైకి లేపి, ఈడ్చాలి. నేలమీద అర్ధచంద్రంలా గాడి పడింది. అక్కడ గడ్డి మొలవడం మానేసింది. రోజూ సాయంత్రం గేటు గీరుకున్న చప్పుడవగానే నా భార్య అప్పయమ్మ, "మీ ప్లేట్ మిల్లు వస్తంది" అనేది.

ఇలా కొన్నేళ్ళు గడిచాయి. తొంభై అయిదులో వాడికి ఆయాసం మొదలైంది.

బీడీలు కాల్చి కాల్చి ఊపిరితిత్తులు పాడు చేసుకున్నాడు. ముందు దగ్గు అన్నాడు, తరువాత దుమ్ము అన్నాడు, ఆ తరువాత ఏమీ అనడం మానేశాడు. ఒక సాయంత్రం నేను వరండాలో కూర్చుని చూస్తూనే ఉన్నాను. వాడు చేప తోక పట్టుకున్నాడు, లేపాడు, సగం ఈడ్చి ఆగిపోయాడు. గేటు మీద రెండు చేతులూ పెట్టి తల వాల్చి నిలబడ్డాడు. భుజాలు పైకీ కిందికీ ఆడుతున్నాయి. నేను లేవబోతే అప్పయమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. కాసేపటికి వాడు తలెత్తి, నేను చూస్తున్నానని తెలుసుకుని, "కళ్ళద్దాలు మర్సిపోనాన్రా, తెచ్చుకుంటాను" అని కేకేసి వెనక్కి పోయాడు. కళ్ళద్దాలు వాడి ముక్కు మీదే ఉన్నాయి. ఆ రోజు తిరిగి రాలేదు.

మర్నాడు నేనే వెళ్ళాను. మంచం మీద ఉన్నాడు. "ఎలగుందిరా?" అన్నాను. అంతే, గోడ వైపు తిరిగిపోయాడు.

"ఆ మాట అడగడానికి వొచ్చినావా? రోగిని సూణ్ణానికి వొచ్చినావేటి? నేను నడిసి మీ వరండాకొస్తే అప్పలసూరిని. నువ్వు నా మంచం కాడికొస్తే నేను రోగిని. మంచం మీద కోతలు రావురా. ఎల్లిపో. ఓపికొచ్చినప్పుడు నేనే వస్తాను."

మాట గట్టిగా అన్నాడు గాని, ఆ మాట పూర్తి చెయ్యడానికి మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకున్నాడు.

నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. మర్నాడు సాయంత్రం వాడు వచ్చే వేళకి ముందే వెళ్ళి గేటు బార్లా తెరిచి, కింద రాయి పెట్టి వచ్చాను. వాడు నెమ్మదిగా నడిచి వచ్చాడు. తెరిచి ఉన్న గేటు చూశాడు. మొహం మాడిపోయింది.

"ఎవుడు తెరిసినాడు?"

నేను ఆ రాయి కేసి చూశాను.

"నేనింకా సచ్చిపోనేదురా రాజా! నా గేటు నేను తీసుకోలేనా?"

రాయి కాలితో తన్నాడు. ఆ గేటుని లేపి, ఈడ్చి, దగ్గుతూ, మూసేశాడు. మూసి, అటువైపునే ఉండిపోయాడు. మళ్ళీ తెరవడానికి వాడిలో ఏమీ మిగల్లేదు. తీగ అవతల కాసేపు నిలబడి ఇంటికి పోయాడు. ఆ తరువాత వారంలోనే వాణ్ణి ఆసుపత్రిలో చేర్చారు.

ఆసుపత్రి నుంచి బట్టలకోసం వచ్చినప్పుడు సింహాచలమ్మ కంచె దగ్గర నిలబడి చెప్పింది. "శనివారం ఇంటికి తీసుకెల్లిపొమ్మన్నారు అన్నియ్యా."

"అయితే నయమైనట్టేగా చెల్లెమ్మా" అన్నాను.

అది ఆటలో మాట కాదు. అయినా, "అంతే అన్నియ్యా" అంది. అని, గేటుకేసి చూసి, "ఆసుపత్రిలో మందుల గురించి అడగడు, డాట్రు ఏటన్నాడో అడగడు. సాయంత్రమయ్యేసరికి మాత్రం, రాజా ఒక్కడూ కూకున్నాడేటో అంటాడు" అంది.

శనివారం లోపల ఆ గేటు వేలితో తోస్తే తెరుచుకోవాలి. అదొక్కటే నాకు తోచింది. మంచం మీది మనిషికి నేను ఇంకేం చెయ్యగలను?

"ఆ దెయ్యాన్ని పీకి అవతల పారీరాదేటి?" అంది అప్పయమ్మ.

"పారేస్తే, నీకు చేత కాదు కాబట్టి పీకేశామని బోర్డు పెట్టినట్టే. వాడి గేటు వాడికి కనపడాలి. వాడి చేత్తోనే తెరుచుకోవాలి" అన్నాను.

కాంట్రాక్టర్లని పిలిచాను. మొదట వచ్చినవాడు మన పాత మోటార్ సైకిలు మనిషే. ఈసారీ కాలు కింద పెట్టలేదు, "కొత్తది పెట్టేద్దాం సాబ్" అన్నాడు. రెండోవాడు గడియ కింద ఇటుక పెట్టుకోమని సలహా ఇచ్చాడు. మూడోవాడు దాని చుట్టూ తిరిగి, తలాడించి, "ఇంకొక యాంగిలు పడాలి" అన్నాడు. వాడు కూడా మావాడే, ప్లాంటు నుంచి రిటైరైనవాడు.

"కాంట్రాక్టర్లని అడిగితే ఏటి సెప్తారు? గేట్లని అడుగు" అంది అప్పయమ్మ.

ఆ మాట మంచిదనిపించింది. మర్నాడు పొద్దున్నే బయల్దేరి రిసాలి వీధులన్నీ తిరుగుతూ కనబడ్డ గేటునల్లా తోసి చూశాను. కొత్త గేట్లు వదిలేశాను. కొత్తగా ఉన్నప్పుడు అన్నీ బాగానే ఉంటాయి, పెళ్ళికొడుకుల్లాగ. రంగు వెలిసిపోయినవీ, నాలుగైదు వానాకాలాలు తిన్నవీ చూశాను. కుక్కలు తరిమాయి. ఒక ఇంటావిడ నన్ను ముష్టివాడనుకుని పాత చొక్కా తెచ్చింది. బాగుందని తీసుకున్నాను. ఆఖరికి ఒక మాస్టారి ఇంటి ముందు, ఎప్పటిదో, రంగంతా పొరలు లేచిపోయిన గేటు ఒకటి తోశాను. చప్పుడు లేకుండా తెరుచుకుంది. చెయ్యి వదిలిన చోట ఆగిపోయింది. ఎవరు చేశారని అడిగితే, హథ్‌ఖోజ్‌లో బంగార్రాజు అన్నారు.

బంగార్రాజు తండ్రి బొబ్బిలి నుంచి వచ్చాడట గాని, వాడు ఇక్కడే పుట్టాడు. తెలుగు మాట్లాడుతుంటే మధ్యలో హిందీ వచ్చి కూర్చుంటుంది. బుగ్గలో పాను, మెళ్ళో గొలుసు, నడకలో దర్జా. వాడు నా గేటుని చూడ్డానికి వచ్చినట్టు లేదు, నాకు ఇంటర్వ్యూ చెయ్యడానికి వచ్చినట్టుంది. అయితే మాట్లాడే ముందు నేలమీద కూర్చున్నాడు. దారానికి ఒక ఇనప నట్టు కట్టి స్తంభం పక్కన వేలాడదీశాడు. నట్టు ఒకవైపు, స్తంభం ఇంకోవైపు చూస్తున్నాయి. గేటు కొస కింద చెయ్యి పెట్టి లేపి, చెయ్యి తీసేసి విదిలించుకున్నాడు.

"బాబాయ్, ఇది గేటా, హాథీయా?"

"ఏనుగు కాదు. మావోడు చేసినాడు. ప్లేట్ మిల్లు."

"అర్థమైపోయింది. మీ ప్లాంటోళ్ళు చేసిన గేట్లు బాగు చేసే నేను రెండంతస్తులు కట్టినాను" అని పాను రసం ఉమ్మాడు. "స్తంభం లోతు లేదు. నల్లమట్టి వానకి ఉబ్బుతాది, ఎండకి బీటలిస్తాది, స్తంభాన్ని అటూ ఇటూ ఊపీస్తాది. ఇంత బరువు పై కబ్జాని పట్టుకుని యేలాడతంటే స్తంభం ఒంగిపోదా? మీరేమో వాలినప్పుడల్లా ఇంకా ఇనుమెక్కించినారు. ఆయాసంతో పడిపోతున్నోడి నెత్తిన బస్తా పెట్టి, ఇప్పుడు గట్టిగా నిలబడు అన్నట్టుంది."

ఆ ఆయాసం మాట వాడు ఊరికే అన్నాడు. నాకు మాత్రం ఎక్కడో తగిలింది. కబ్జా అంటే వాళ్ళ భాషలో గేటుని స్తంభానికి పట్టి ఉంచే బందు.

ఏం చెయ్యాలో చెప్పాడు. లోతుగా గొయ్యి తీసి, కొత్త స్తంభం కాంక్రీటులో నిలబెట్టాలి. గేటు చట్రం బోలు పైపుతో, మధ్యలో దళసరి ప్లేటుకి బదులు పల్చటి రేకు. పై కబ్జా దగ్గర్నుంచి గడియ కింది మూలకి ఏటవాలుగా ఒక కమ్మీ, దాని మధ్య బిగించుకునే మర. ఎప్పుడైనా కొస దిగితే ఆ మర రెండు చుట్లు తిప్పుకుంటే చాలు.

"అన్నీ చెయ్యి. చూడ్డానికి మాత్రం పాత గేటులాగే ఉండాలి. అదే చేప, అదే రంగు. చేసినవాడికి తేడా తెలియకూడదు."

"ఎందుకు?"

చెప్పాను. బంగార్రాజు పాను నమలడం ఆపాడు. కాసేపటికి మళ్ళీ నమలసాగాడు.

"చేస్తాను. చేప మాత్రం ఆ కొసన పెట్టను."

"అక్కడే ఉండాలిరా. వాడు అక్కడ పెట్టుకున్నాడు."

"అంత ముక్క గడియ వైపుంటే మళ్ళీ లాగుతాది బాబాయ్. కబ్జా వైపు తెస్తాను. అక్కడైతే దాని బరువు స్తంభానికే పోతాది."

"వాడికి తెలిసిపోతుంది!"

"తెలిస్తే తెలియనీ. వాలిపోయే గేటు నా చేత్తో నేను పెట్టను. కావాలంటే ఆ ఇటుకోణ్ణి పిలుచుకో."

ఎంత బతిమాలినా వినలేదు. అంత పొగరుబోతుని నేను రైల్ మిల్లులో కూడా చూడలేదు. పని మొదలెట్టాక ఇంకో తగువు. స్తంభం నిలబెట్టగానే గేటు తగిలించెయ్యమన్నాను. తడి కాంక్రీటు మీద గేటు తగిలిస్తే మొదటిరోజే ఒంగుతుందని గోనెలు చుట్టి, నీళ్ళు పోసి, శనివారం పొద్దుటి దాకా దాని జోలికి రానివ్వలేదు. శనివారం టాక్సీ ఆసుపత్రి దగ్గర బయల్దేరే వేళకి వాడిక్కడ ఆఖరి మర బిగిస్తున్నాడు. నేను కొత్త రంగు మీద తుప్పు పొడీ, బురదా, ఇంటి మసీ కలిపి పులుముతున్నాను. "నా పనికి మసి పూస్తున్నావా?" అని వాడు నిజంగానే బాధపడ్డాడు.

వెళ్ళబోతూ గేటుని సగం తెరిచి చెయ్యి వదిలేశాడు. అక్కడే ఆగింది.

"చూసినావా? తెరిచి వదిలితే తెరుచుకునే ఉండాలి. మూసి వదిలితే మూసుకునే ఉండాలి. సగంలో వదిలితే సగంలోనే. దానంతట అది ఎటు కదిలినా ఆ కాంట్రాక్టరు దొంగ అన్నట్టే."

ఆ సాయంత్రం నేను వరండాలో కూర్చుని పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాను. అప్పలసూరి తలుపు పట్టుకుని బయటికొచ్చాడు. చొక్కా వాడి మీద వేలాడుతోంది. అలవాటుగా రెండు చేతులూ చాచి, కాళ్ళు ఎడంగా పెట్టి, చేప తోక కోసం వెతికాడు. అక్కడ తోక లేదు. చేప ఈ చివర, కబ్జాల పక్కన ఉంది. వాడు దానికేసి చూశాడు. తరువాత కింద చూశాడు. అర్ధచంద్రం గాడి మీద నేను ముందే మట్టి పోసి అదిమి ఉంచాను. ఆ తరువాత వేలు మడిచి గేటు చట్రం మీద టక్‌మని కొట్టాడు. బోలు చప్పుడు నా దాకా వినిపించింది. ముప్పయ్యేళ్ళు ఇనుముతో కాపరం చేసిన మనిషికి ఆ ఒక్క టక్ చాలు.

పేపరు నా చేతిలో తలకిందులుగా ఉందని అప్పుడు చూసుకున్నాను.

వాడు చూపుడు వేలు ఆనించి తోశాడు. గేటు తెరుచుకుంది. నెమ్మదిగా నడిచి వచ్చి, తన కుర్చీలో కూర్చుని, ఊపిరి కుదుటపరుచుకున్నాడు. తిడతాడనుకున్నాను.

"నాను లేనప్పుడు ఇక్కడ ఏటయిందో నీకు తెల్దురా రాజా" అన్నాడు చివరికి.

"ఏటయింది?"

"నాను ఆసుపత్రికి పోయిన కాణ్ణుంచి నా గేటు అన్నం మానేసింది. బెంగ. నాను ఎలగ సిక్కిపోనానో అదీ అలగే సిక్కిపోనాది. ఒంట్లో ఇనుమంతా కరిగిపోయి, సూడు, తోలూ బొమికలూ మిగిలినాయి. కొట్టి సూస్తే లోపల గాలి. ఆ సేప ఉందే, దానికి కొసన ఒక్కర్తీ ఉండలేక బయమేసింది. ఈదుకుంటా ఈదుకుంటా కబ్జా కాడికొచ్చి స్తంభాన్ని అంటుకుని పడుకుంది." కాస్త ఆగి ఊపిరి తీసుకున్నాడు. "నమ్ముతావా?"

"నమ్ముతాను" అన్నాను.

"డాట్రు నాకు నయమైపోయిందన్నాడు. అదీ నమ్ముతావా?"

"నమ్ముతాను."

"మంచోడివి. టీ పెట్టడం నీకు ఈ జన్మలో రాదు."

అప్పయమ్మే టీ తెచ్చింది. గ్లాసులు పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

ఆ తరువాత వాడు సాయంత్రం సాయంత్రం వచ్చేవాడు. ఎక్కడ పడితే అక్కడ మొలిచే బేశరం మొక్కలు ఆ ఏడు కంచె పొడుగునా లేత ఊదారంగు పూలు పూశాయి. వాటి మధ్య నుంచి వేలితో గేటు తోసుకుని వస్తుంటే, రోజురోజుకీ నడక చిన్నదవుతున్నా, నా పక్కన వచ్చి కూర్చున్నది అప్పలసూరే, రోగి కాదు. కోతలు పొట్టివయ్యాయి. ఊపిరి సరిపోక మధ్యలో వదిలేస్తే మిగతాది నేను పూర్తి చేసేవాణ్ణి, వాడే "నమ్ముతాను" అనేవాడు. వాడి కోత వాడే నమ్మడమేమిటని నవ్వుకునేవాళ్ళం. నవ్వితే వాడికి దగ్గొచ్చేది. అందుకని నవ్వు రాని కోతల కోసం వెతుక్కునేవాణ్ణి. అంత కష్టమైన పని నేను మిల్లులో కూడా చెయ్యలేదు.

చలి మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం, వెళ్ళబోతూ వాడు గేటు దగ్గర ఆగాడు. రోజూ దాటాక మూసి, గడియ తగిలించి పోయేవాడు. ఆ రోజు దాటాడు, సగం లాగాడు, చెయ్యి తీసేశాడు. గేటు అక్కడే ఆగింది.

"మూసీలేదేట్రా?" అన్నాను.

"ఉండనీరా. రేపొచ్చినప్పుడు తోసీ పని నేకుండా ఉంటాది."

నేను తెరిచి పెడితే రాయి తన్నిన మనిషి. వాడు అటువైపు నుంచి చేప వీపు మీద ఒకసారి చెయ్యేసి తట్టాడు, పశువుని తట్టినట్టు.

"మంచోణ్ణి పట్టినావురా. ఎవుడో గాని, పని తెలిసినోడు" అన్నాడు. అంతకుముందు గాని ఆ తరువాత గాని ఆ గేటు గురించి వాడు ఆటకి బయట అన్న మాట అదొక్కటే.

పొద్దున్న నేను పళ్ళు తోముకుంటుంటే సింహాచలమ్మ ఆ సగం తెరిచిన గేటులోంచి వచ్చింది. కొంగు నేల మీద ఈడుస్తోంది. ఏడవడం లేదు. వరండా మెట్టు దగ్గర నిలబడి, "అన్నియ్యా, ఆయన ఇంక నేరు" అంది.

"నమ్మను" అన్నాను.

నోట్లోంచి వచ్చేసింది. ఇన్నేళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు.

"నమ్మను చెల్లెమ్మా, నమ్మను" అని ఇంకా అంటూనే ఉన్నానట. అప్పయమ్మ వచ్చి నా చేతిలో చెంబు తీసుకుంది.

తీసుకెళ్ళడం వాళ్ళ వీధి గుమ్మం నుంచే తీసుకెళ్ళారు. నేను కూడా భుజం పట్టాను. బరువే లేడు. అన్నీ అయిపోయి, స్నానం చేసి వచ్చాక, సాయంత్రం వేళకి వంటింట్లోకి వెళ్ళాను. అప్పయమ్మ ఏం కావాలని అడగలేదు, పక్కకి తప్పుకుంది. స్టవ్ వెలిగించడానికి చాలా అగ్గిపుల్లలు పట్టాయి. పాలు పొంగిపోయాయి, ఆకు ఎక్కువైంది. రెండు గ్లాసులు వరండాలోకి తెచ్చి పెట్టాను. ఓడినవాడు చెయ్యాల్సిన పని అది. తాగి చూస్తే చేదుగా, మాడు వాసనగా ఉంది. అప్పలసూరి ఉంటే ఆ టీ మీద ఒక ఏడాదికి సరిపడా కోసేవాడు.

ఆ గేటు ఇప్పటికీ సగం తెరిచే ఉంది. మూద్దామంటే వాడు వదిలిన చోటు పోతుంది. పూర్తిగా తెరుద్దామన్నా అంతే. వాళ్ళ పెరట్లో జొరబడ్డ ఆవులు అందులోంచి వచ్చి అప్పయమ్మ బెండ మొక్కలు తినేశాయి. ఆమె వాటిని అదిలించింది గాని గేటు ముట్టుకోలేదు. సింహాచలమ్మ వచ్చినప్పుడు పక్కకి ఒదిగి, తగలకుండా దాటి వస్తుంది.

మొన్న వానాకాలం అయ్యాక బంగార్రాజు ఆ వీధిలో వేరే పని మీద వచ్చి, తన గేటు చూసుకోవడానికి మా పెరట్లోకి వచ్చాడు. దారం తీసి నట్టు వేలాడదీశాడు. స్తంభం నిట్టనిలువుగా ఉంది. వంగి కింద చూశాడు, నేలకీ గేటుకీ మధ్య సందు పెట్టినప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే.

"చూడు బాబాయ్! ఇంత వాన కురిసింది, ఇంత గాలి వేసింది. సగంలో వదిలితే సగంలోనే ఉంది. వెంట్రుకంత కదల్లేదు."

"అదేరా నీతో వచ్చిన బాధ" అన్నాను. "ఆ మోటార్ సైకిలోణ్ణి పెట్టుకుని ఉంటే, ఈపాటికి దానంతటదే మూసుకుపోయేది."

వాడికి కోపం రాబోయింది. నా మొహం చూశాడు. గేటు వైపు చూశాడు. దారం చుట్టి జేబులో పెట్టుకుని, పక్కకి ఒదిగి, గేటు తగలకుండా అటువైపు దాటి వెళ్ళిపోయాడు.